పొడి జుట్టు

కాగితం ముక్కలు కదల్లేదు.

సంధ్య దువ్వెనను మళ్ళీ నెత్తికి పెట్టి, పాపిట నుంచి జడ మొదలు దాకా బరబరా గీకి, ఊపిరి బిగబట్టి అరుగు మీద పరిచిన ముక్కల దగ్గరికి తెచ్చింది. ఒక్కటన్నా లేస్తే ఒట్టు.

"అట్ల గీకితే తలకాయలో ఉండే సదువు గూడా రాలిపోతాది సూడు," అంది లోపలి నుంచి వాళ్ళమ్మ వెంకటేశ్వరమ్మ. ఆమె రాట్నం ముందు కూచుని కండెలకు నూలు చుడుతోంది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ళ మధ్య పోగును జారవిడుస్తూ, మాట్లాడేటప్పుడు కూడా పోగు మీది నుంచి కన్ను తీయడం లేదు. ఆమె వెనక గుంతమగ్గంలోకి కాళ్ళు దించుకుని సంధ్య నాయన రామన్న నేస్తున్నాడు. పోగుల మధ్య నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది.

"వస్తాదని పుస్తకంలో రాసినారు గదమ్మా!"

"పుస్తకం రాసినాయప్ప నీ నెత్తి సూసి రాసినాడా?"

పక్కింటి మెట్ల మీద ఎండ కాచుకుంటున్న ఖాదర్ వలికి ఆ మాట విని నవ్వొచ్చింది. ఆయన కూతురు షహనాజ్ ఎమ్మిగనూరులో ఆ పిల్ల చదివే హైస్కూల్లోనే లెక్కల టీచరు. అల్లుడు అజ్మల్ ఏదో శిక్షణ కోసం కర్నూలు పోతే, తోడుగా కొన్నాళ్ళు ఉండమని కూతురు పిలిస్తే ఆదోని నుంచి వచ్చాడు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో దూది నాణ్యత చూసే పని చేసి రిటైరైన మనిషి. కాలేజీలో భౌతికశాస్త్రం చదివాడు. చదివిందంతా దూదిలో కలిసిపోయిందని తన మీద తనే జోకు వేసుకునేవాడు.

"ఏం ప్రయోగమమ్మా అది?" అంటూ లేచి అరుగు దగ్గరికి వచ్చాడు.

"స్థిర విద్యుత్తు తాతా. దువ్వెనతో తల దువ్వి కాగితాల కాడ పెడితే ఎగిరి అంటుకోవాలంట. రేపు పుల్లన్న సార్ క్లాసులో అందరివీ సూస్తాడు. బాగుండేటివి శనివారం బడిలో ప్రదర్శనకు పెడతాడు. వాటిలో మంచివి రెండు మీ ఆదోనిలో జరిగే పెద్ద ప్రదర్శనకు పంపిస్తారంట!" సంధ్య దువ్వెనను ఒళ్ళో పడేసింది. "నేను ఆదోని మీదుగా బస్సులో పోయినాను గానీ దిగి సూసింది లేదు."

ఖాదర్ వలి చొక్కా జేబులోంచి చిన్న దువ్వెన తీశాడు. నెరిసిన జుట్టులో రెండుమూడు సార్లు వెనక్కి దువ్వి, దాన్ని ముక్కల మీదికి వంచాడు. చిటపటమని సన్నగా వినిపించింది. బెల్లం మీదికి చీమలు ఎగబాకినట్టు కాగితం ముక్కలు దువ్వెన పళ్ళకు ఎగిరి అతుక్కున్నాయి. ఒకటి నిలువుగా నిలబడి కాసేపు వణికి రాలిపోయింది.

"అమ్మో! మీ దువ్వెన ఏం దువ్వెన తాతా?"

"దువ్వెనలో ఏం లేదు. నీ నెత్తిలో నూనె ఉంది. నూనె జుట్టుకు ఈ కరెంటు పుట్టదు. పొడి జుట్టు కావాల."

సంధ్య తన జడను వేళ్ళతో తడిమి చూసుకుంది. వేళ్ళకు కొబ్బరినూనె నిగనిగలాడింది. తర్వాత తలెత్తి ఆయన తల వైపు చూసింది. ఎండలో ఆ తెల్లజుట్టు పీచులా పైకి లేచి ఉంది.

"నీ తలకు ఎవురూ నూనె పెట్టరా తాతా?"

ఖాదర్ వలి దువ్వెనకు అంటుకున్న ముక్కల్ని ఒక్కొక్కటే గోటితో తీసి అరుగు మీద పెట్టాడు. చలికాలంలో మిల్లు నుంచి వస్తే ఒళ్ళంతా దూదిపీచు అంటుకుని ఉండేది. భార్య కుల్సుంబీ గడప దగ్గరే ఆపేసేది. "లోపలికి రావాకండి, దూదిబొమ్మ మాదిరుండారు" అని పీచును ఏరి పారేసేది. ఏరుతున్నంత సేపూ ఆయన రాపిడి గురించీ విద్యుత్తు గురించీ చెబుతూనే ఉండేవాడు. "సర్లేండి, తల వంచండి" అనేది ఆమె. శుక్రవారం సాయంత్రమైతే ఆ వంచిన తలకు గోరువెచ్చని నూనె కూడా అంటేది.

"రేపు పొద్దున కుంకుడుకాయలతో తలకు పోసుకో," అన్నాడు. "బాగా ఆరబెట్టుకో. నూనె సుక్క గూడా తగలనీయొద్దు. కొత్త దువ్వెన తీసుకుపో. రాకుంటే నన్నడుగు."

"నూనె లేకుండా బడికా మామా?" వెంకటేశ్వరమ్మ చక్రం ఆపి అంది.

"ఒక్క పొద్దుకే గదమ్మా."

మరుసటి రోజు షహనాజ్ అన్నం డబ్బా మరిచిపోయి బడికి వెళ్ళింది. అది పట్టుకుని ఖాదర్ వలి నడిచి బయల్దేరాడు. దారి పొడుగునా ఇళ్ళ ముందు సాగదీసిన నూలు మీద గంజి ఎండుతోంది. బడి గేటు దాటేసరికి ప్రార్థన అప్పుడే అయిపోయినట్టుంది. పిల్లలు వరసల్లో తరగతులకు పోతున్నారు. జెండా కర్ర దగ్గర ఒక్క పిల్ల మాత్రం నిలబడి ఉంది.

సంధ్య. తలస్నానం చేసిన జుట్టు విరబోసి ఉంది. గాలికి వెంట్రుకలు ముఖం మీద పడుతుంటే తోసుకోవడానికి కూడా చెయ్యి ఎత్తడం లేదు. రెండు చేతుల్తో కొత్త దువ్వెనను పట్టుకుని నేల చూస్తోంది. పోతూ పోతూ మగపిల్లలు కూశారు.

"ఒరేయ్, దయ్యం దిగినాదిరా!"

"వేపమండలు తెండి!"

స్టాఫ్‌రూం నుంచి షహనాజ్ వచ్చింది. చేతిలో నీలం సీసా. నూనె పెట్టుకోకుండా వచ్చిన ఆడపిల్లల కోసమని ఆ బడిలో ఒక కొబ్బరినూనె సీసా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ సీసా బాధ్యత షహనాజ్‌ది. ఆమె అరచేతిలోకి నూనె వంచుకుని సంధ్య మాడు మీద చరిచింది. రెండు చేతుల్తో చరచరా అంటి, పాపిట తీసి, జడలు బిగించి, రిబ్బన్లు మడిచి కట్టింది. ఆ వేళ్ళ వేగం ఖాదర్ వలికి తెలుసు. అచ్చం కుల్సుంబీ చేతులే. చిన్నప్పుడు ఈ షహనాజ్ తలను కాళ్ళ మధ్య ఇరికించుకుని ఆమె ఇలాగే జడలు వేసేది. అప్పుడు ఈ పిల్ల ఏడ్చేది. ఇప్పుడు సంధ్య ఏడవడం లేదు. దువ్వెనను మాత్రం నూనె తగలకుండా వెనక్కి దాచుకుంది.

"మళ్ళా ఇట్ల వచ్చినావంటే ఇంటికి పంపిస్తా. ఎవరు చెప్పినారు నీకు ఇట్ల రమ్మని?"

సంధ్య తల ఎత్తింది. గేటు దగ్గర నిలబడిన ఆయన్ను చూసింది. ఖాదర్ వలి నోరు తెరిచాడు. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, వద్దన్నట్టు తల అడ్డంగా కాస్త తిప్పింది.

"ఎవురూ సెప్పలేదు మేడం. నాకే తోచింది."

అన్నం డబ్బా ఇచ్చి తిరిగి వచ్చేశాడు. ఆ పిల్ల తనను కాపాడింది. తను మాత్రం డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన.

సాయంత్రం సంధ్య అరుగు మీద కనబడలేదు. వెంకటేశ్వరమ్మ చెప్పింది. క్లాసులో అందరి ముందూ దువ్వింది, ఒక్క ముక్క లేవలేదు, పుల్లన్న సార్ సంధ్య పేరు కొట్టేసి నిమ్మకాయతో బల్బు వెలిగించిన శ్వేత పేరు రాసుకున్నాడు. "ఒగ పొద్దు నూనె పెట్టకపోతే ఏమైతాదో ఆ మేడమ్మకు. మీ బిడ్డని అనకూడదు గానీ మామా..."

"అనమ్మా. అనాల్సిందే," అన్నాడు ఖాదర్ వలి.

షహనాజ్ వచ్చి చెప్పులు విడిచీ విడవక ముందే ఆయన అన్నాడు. "ఆ పిల్లకు తలకు పోసుకోమని సెప్పింది నేనే."

"నువ్వా?" సంచి బల్ల మీద పెట్టడం ఆపి నిలబడింది. "నాయనా, నీకేం తెలుసు? పోయినేడు క్లాసు క్లాసంతా పేన్లు. ఒకరికి వదిలితే రేపు అందరూ జుట్టు ఇరబోసుకుని వస్తారు. హెడ్‌మాస్టరు నన్నడుగుతాడు."

"నిన్ను తప్పని అనలేదు."

"అంటాండవు గదా!"

"ఆ పిల్ల నా పేరు సెప్పలేదు. నేను పొద్దున నీ ముందరే ఉండి గూడా సెప్పలా."

షహనాజ్ సంచి పెట్టింది. లోపలికి పోయి చాలాసేపు ముఖం కడుక్కుంది. టీ తెచ్చి ఇచ్చేటప్పుడు అంది. "పుల్లన్న సార్‌ని అడుగుతా. ఇంగో అవకాశం ఇస్తాడేమో. కానీ ఆ పిల్ల నూనె పెట్టుకునే రావాల. రూలు రూలే."

"నూనె తలతో ఆ ప్రయోగం ఎట్ల వస్తాదమ్మా?"

"అది నాకు తెలీదు నాయనా. నేను లెక్కల టీచర్ని."

శుక్రవారం పొద్దున్నే సంధ్య ఒక ఉపాయం కనిపెట్టి వచ్చింది. మెట్ల మీద ఆయన పక్కన కూచుంది. అప్పటికే జడలు వేసుకుంది. నూనె వాసన గుప్పుమంటోంది.

"తాతా, రేపు నీ తలకాయ ఇస్తావా?"

"ఎందుకమ్మా, కొబ్బరికాయ మాదిరి కొడతావా?"

"నిజ్జంగా! నా తలకు నూనె ఉంటాది. నీ తలకు లేదు గదా. నువ్వు కుర్చీలో కూచో. నేను దువ్వుతా."

"సార్ ఒప్పుకుంటాడా?"

"సామాను ఎవురిదైనా ఒగటే అంటాడు సార్. నువ్వు సామాను తాతా!"

మగ్గంలో నుంచి రామన్న గట్టిగా నవ్వాడు. "మామా, జాగర్త. ప్రయోగం అయినాక సామాను బీరువాలో పెట్టి తాళం ఏస్తారు ఆడ."

ఆ మధ్యాహ్నం జుమా నమాజు చేసి వచ్చి ఖాదర్ వలి అద్దంలో తల చూసుకున్నాడు. పనికొచ్చే తలే. ఒక పిల్లకు అవసరమైన తల. ఆ మాటకు ఆయనకు ఒకింత గర్వంగా కూడా అనిపించింది.

బడి అయ్యాక షహనాజ్ ఆ రోజు తొందరగా వచ్చింది. నేరుగా వంటింట్లోకి పోయింది. బయటికి వచ్చేటప్పుడు చేతిలో చిన్న గిన్నె. గిన్నెలో కొబ్బరినూనె.

"నాయనా, మెట్టు మీద కూచో."

"ఏంది?"

"ఆ పిల్ల స్టాఫ్‌రూంకు వచ్చి సార్‌తో అంటాంది. 'మా పక్కింటి తాత తలకు నూనె పెట్టేటోళ్ళు ఎవురూ లేరు సార్, ఆయన జుట్టయితే బాగా వస్తాది' అని." ఆమె ఆయన భుజాల మీద తువ్వాలు వేసింది. "సార్ నవ్వి సరేనన్నాడు. నాకు నవ్వు రాలా. బడిలో ఊరి పిల్లోళ్ళ తలలకంతా నేనే గదా నూనె పెట్టేది."

"రేపు ప్రయోగముందమ్మా."

"పొద్దున తలకు పోసుకో. కుంకుడుకాయలు నానబెడతా, నీళ్ళు కాగబెడతా. వంచు."

ఆయన పై మెట్టు దిగి కింది మెట్టు మీద కూచున్నాడు. షహనాజ్ వెనక కూచుంది. మొదటి చుక్కలు మాడు మీద పడగానే భుజాలు ఉలిక్కిపడ్డాయి. నూనె చల్లగా ఉంటుందని అనుకున్నాడు గాబోలు. అది వెచ్చగా ఉంది. వేళ్ళు నుదుటి పైనుంచి మెడ దాకా, చెవుల వెనక నుంచి నడినెత్తికి, తొందర లేకుండా తిరిగాయి. కుల్సుంబీ పోయిన ఈ మూడేళ్ళుగా ఆ తలను మంగలి తప్ప ఎవరూ ముట్టలేదు. పక్కింట్లో నాడె చప్పుడు ఆగింది. దీపాల వేళయింది.

శనివారం ఉదయం షహనాజ్ బడికి ముందే వెళ్ళిపోయింది. స్నానాలగదిలో బకెట్టు నిండా నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. పక్కన గిన్నెలో కుంకుడు రసం నురగ కట్టి ఉంది. ఖాదర్ వలి చొక్కా విప్పి పీట మీద కూచుని చెంబు ముంచాడు. తల మీదికి ఎత్తాడు. ఎత్తిన చెంబు అక్కడే ఆగింది. ఇంకో చేత్తో జుట్టును తాకి చూశాడు. మెత్తగా, చల్లగా, వేళ్ళ కింద అణిగి ఉంది. చెంబును దించి భుజాల మీద పోసుకున్నాడు. మళ్ళీ ముంచాడు. మళ్ళీ భుజాల మీదే పోసుకున్నాడు. నీళ్ళు అయిపోయాయి. నురగ గిన్నె అలాగే ఉంది.

వీధిలో సంధ్య ఎదురుచూస్తోంది. ఎండలో నిగనిగలాడుతున్న ఆయన తలను చూసి ఆమె ముఖం వాడిపోయింది.

"నూనె! తాతా, నూనె ఎందుకు పెట్టుకున్యావు?"

"మేడం పెట్టింది నిన్న. పొద్దున కడుక్కోమని సెప్పింది గూడా. కడుక్కోలేకపోయినానమ్మా."

"నీళ్ళు లేవా?"

"ఉన్నాయి."

"మరి?"

ఖాదర్ వలి అరచేత్తో తల తడుముకున్నాడు. "చెయ్యి రాలేదు," అన్నాడు.

"మొన్న నాకేమో వద్దన్నా పెడితిరి. నీకేమో కడుక్కోమన్నా కడుక్కోకపోతివి!" సంధ్య గిర్రున తిరిగి ముందుకు నడిచింది. ఆయన వెనక నడిచాడు. దారిలో ఆ పిల్ల ఒక రాయిని బడి మలుపు దాకా తన్నుకుంటూ పోయింది. చేతిలో ఉన్న అవకాశం ఆ పిల్లది. దాన్ని తను ఒక చెంబు నీళ్ళ దగ్గర పోగొట్టాడు. వెనక్కి పోయి కడుక్కుని వస్తానన్నా జుట్టు ఆరేసరికి ప్రదర్శన అయిపోతుంది. "నేను పుల్లన్న సార్‌తో మాట్లాడతానమ్మా" అనబోయాడు.

మలుపు దగ్గర సంధ్య ఆగింది. వెనక్కి తిరిగి ఆయన ముఖాన్ని, ముఖం కింద ఛాతీ మీదికి దిగిన తెల్లటి గడ్డాన్ని చూసింది.

"గడ్డానికి గూడా పెట్టినాదా మేడం?"

"గడ్డానికా? లేదమ్మా, గడ్డానికి ఎవురన్నా పెడతారా?"

సంధ్య దగ్గరికి వచ్చి, అడక్కుండానే రెండు వేళ్ళతో గడ్డం కొస పట్టుకుని నలిపి చూసింది. వేళ్ళు వాసన చూసుకుంది. కోపం ఎక్కడికి పోయిందో పోయింది.

"తాతా, ఆ అంగట్లో ఒకే రకం దువ్వెనలు రెండు కొనిచ్చు."

"రెండెందుకు?"

"కొనియ్యి సెప్తా."

చెప్పలేదు. ఆయన కొనిచ్చాడు.

తరగతి గదిలో బెంచీలు గోడలకు జరిపి వరసగా ప్రయోగాలు పెట్టారు. శ్వేత నిమ్మకాయలు, ఎవరో చేసిన అట్టపెట్టె రాకెట్టు. కిటికీ పక్కన కుర్చీలో ఖాదర్ వలి, ఆయన ముందు బల్ల మీద కాగితం ముక్కలు. చుట్టూ పిల్లల కిలకిలలు. ద్వారం దగ్గర షహనాజ్ వచ్చి నిలబడింది. తండ్రి తల చూసి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏం సామాను?" పుల్లన్న సార్ అడిగాడు.

"రెండు దువ్వెనలు, కాగితం ముక్కలు, తాత సార్."

గది గొల్లుమంది. సంధ్య నవ్వలేదు.

"తాత ఒగరే. తలకు నూనె ఉంది, గడ్డానికి లేదు. రెండు దువ్వెనలూ కొత్తవి. ఏది తలకో, ఏది గడ్డానికో మీరే సెప్పండి సార్. మోసమని అనకుండా."

పుల్లన్న సార్ రెండింటినీ తిప్పి తిప్పి చూసి, ఎడమచేతిది తలకు, కుడిచేతిది గడ్డానికి అన్నాడు. ఈసారి ఆయన నవ్వడం లేదు.

సంధ్య మొదటి దువ్వెనతో ఖాదర్ వలి జుట్టును పదిలంగా వెనక్కి దువ్వింది. ముక్కల మీద పెట్టింది. ఏమీ కాలేదు. వెనక నుంచి ఒకడు "టాయ్ టాయ్ ఫిస్" అన్నాడు. రెండోది తీసుకుని గడ్డాన్ని పైనుంచి కిందికి దువ్వింది. చిటపట. గడ్డం వెంట్రుకలు విడివిడిగా విచ్చుకుని దువ్వెన వెంట లేచాయి. దువ్వెనను బల్ల మీదికి వంచగానే ముక్కలన్నీ ఒక్కసారి ఎగిరి అతుక్కున్నాయి.

"మళ్ళా! మళ్ళా!" పిల్లలు బల్ల మీద పడ్డారు.

"ఒకే మనిషి, ఒకే రకం దువ్వెన, ఒకే కాగితం," అంది సంధ్య గొంతు పెంచి. "తేడా నూనె ఒక్కటే. పొడి వెంట్రుకకు రాపిడితో విద్యుత్తు వస్తాది, నూనె వెంట్రుకకు రాదు. మొన్న నాకు రాలేదంటే నా ప్రయోగం తప్పు గాదు సార్." అంతవరకు చెప్పి ఆగింది. ద్వారం వైపు చూడలేదు.

పిల్లల తలలు ద్వారం వైపు తిరిగాయి.

"నేనే పెట్టినా సార్, ఆ పొద్దు," అంది షహనాజ్ ద్వారం దగ్గర నుంచి. "తలకు పోసుకుని వచ్చింది ప్రయోగం కోసమా అని ఒక మాట అడిగుంటే సరిపోయేది. అడగలా." ఆమె పిల్లల మధ్య నుంచి బల్ల దగ్గరికి వచ్చింది. "సంధ్యా, ఆదోనికి పొయ్యే పొద్దు నువ్వు తలకు పోసుకుని, జుట్టు ఆరబెట్టుకునే రా. నేను సీసా తీయను."

"అప్పుడే ఆదోనికి పంపించేసినారా మేడం? పేరు రాసేది నేను గదా!" అన్నాడు పుల్లన్న సార్. అంటూనే జేబులోంచి పెన్ను తీశాడు.

సంధ్య మాత్రం షహనాజ్ వైపే చూస్తోంది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవి కొరుక్కుంది.

"అయితే పొడి జుట్టు నాదే ఉంటాది. నూనె తల ఒగటి కావాల గదా మేడం, రెండూ సూపించడానికి. తాత రావాల్సిందే. ముందు రోజు మీరు తాత తలకు నూనె బాగా పెట్టల్ల. పెట్టకపోతే ప్రయోగం పాడయితాది."

బడి వదిలాక తండ్రీ కూతుళ్ళు కలిసి నడిచారు. గంజి పెట్టిన నూలు ఎండి బిగుసుకుంది. ఆడవాళ్ళు దాన్ని చుట్టుకుంటున్నారు. వాళ్ళు పని ముగించి దారి ఇచ్చేదాకా ఇద్దరూ ఓ పక్కకు నిలబడ్డారు.

"పొద్దున తలకు పోసుకోలేదే నాయనా?"

"నీళ్ళు సల్లారిపోయినాయమ్మా."

ఆ నీళ్ళు పొయ్యి మీద నుంచి దించి, చెయ్యి కాలుతుంటే కొంగుతో పట్టుకుని బకెట్టులో పోసి వెళ్ళింది షహనాజే. ఆమె తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన ఎదుటి వాళ్ళు నూలు చుట్టడాన్ని మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

"సర్లే," అంది. "వచ్చే శుక్రవారం గూడా నూనె పెడతా. నీళ్ళు మళ్ళా సల్లారనిద్దాం."